చట్టం వదిలేసిన చోట: నెల్లూరు తీరంలో చిన్న వ్యాపారం, దాని లక్ష్యం

ఉమ్మడి జిల్లా లెక్కన చూస్తే కావలి నుంచి తడ దాకా ఉన్నది నెల్లూరు తీరం. ఇక్కడ పేరున్న పెద్ద సంస్థలు కొన్నే. మిగతా బతుకుతెరువంతా చిన్న వ్యాపారాల మీదే నడుస్తోంది. రొయ్యల గుంట, సీడ్ తీసే హేచరీ, మేత అమ్మే డీలరు దుకాణం, ఐసు ఫ్యాక్టరీ, ధాన్యం కొనే కాటా, ఉప్పు మడులు, మైపాడు ఒడ్డున చేపలు వేయించే అంగడి, బస్టాండు పక్కన మెస్సు. వీటి యజమానుల్లో ఎక్కువమంది పొద్దున తామే షట్టరు ఎత్తి, రాత్రి తామే గల్లా చూసుకునే వాళ్లు. మొదటి పదేళ్లు అప్పుతో, పోటీతో, వానతో, రోగంతో పెనుగులాటే సరిపోతుంది. కాస్త నిలదొక్కుకున్నాక వీరిలో చాలామందిని ఒక ఆలోచన పట్టుకుంటుంది. ఇల్లు కట్టాం, పిల్లల చదువులయ్యాయి, బాకీలు తీరాయి. ఇక ఈ వ్యాపారం దేనికోసం?

ఈ ప్రశ్నకు ఆర్థికవేత్తలు ఒక రకంగా, గాంధేయులు ఒక రకంగా, సహకారవాదులు మరో రకంగా జవాబు చెప్పారు. నెల్లూరు చరిత్రలోనే ఈ జవాబుల్లో చాలావాటికి నిదర్శనాలు దొరుకుతాయి. వాటిని ఒక్కచోట చేర్చి ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడాలని ఈ వ్యాసం.

చిన్నవారికి చట్టం ఇచ్చిన వెసులుబాటు

వ్యాపారానికి సామాజిక బాధ్యత ఉందని మన చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. పనివాళ్ల ప్రావిడెంటు ఫండు బాధ్యత 20 మంది ఉన్న సంస్థ నుంచి మొదలవుతుంది. ఈఎస్ఐ, గ్రాట్యుటీ 10 మంది నుంచి. తీరప్రాంత ఆక్వా నిబంధనల్లో వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు సాధారణంగా 5 హెక్టార్లు దాటిన చెరువులకు తప్పనిసరి.

ఈ హద్దులకు న్యాయమైన కారణమే ఉంది. పెద్ద మిల్లు మోయగలిగిన కాగితాల బరువును ఆరుగురితో నడిచే మెస్సు మీద పెడితే ఆ మెస్సు మూతపడుతుంది. అయితే ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఈ తీరంలో వ్యాపారం చేసేవారిలో అత్యధికులు ప్రతి హద్దుకూ కిందే ఉన్నారు. నాలుగెకరాల గుంటకు శుద్ధి ఏర్పాటు ఏదని అడిగేవారు లేరు. ఏడుగురు పనిచేసే చోట వాళ్ల ముసలితనానికి ఏం దాచారని అడిగేవారూ లేరు. విడిగా చూస్తే ప్రతి ఒక్కరూ చిన్నవారే. కానీ వందల గుంటల నీరు చేరేది ఒకే వాగులోకి. వందల అంగళ్లలో పనిచేసి వయసుడిగిన వాళ్లు తిరిగొచ్చేది ఆ ఊళ్లలోకే. లాభాన్ని మించిన లక్ష్యం గురించి చిన్న వ్యాపారి ఆలోచన ఇక్కడే మొదలు కావాలని నా అభిప్రాయం. తక్కిన జవాబులను ఈ గీటురాయి మీదే పరీక్షిస్తాను.

లాభమే బాధ్యత అన్న వాదం

1970 సెప్టెంబరులో మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం ఈ పక్షానికి పునాది. వ్యాపారానికున్న సామాజిక బాధ్యత లాభాన్ని పెంచుకోవడమేనని ఆయన వాదించాడు. ఈ మాటను చాలామంది చిన్న వ్యాపారానికీ వర్తింపజేస్తారు. నిజానికి ఆయన అభ్యంతరం జీతానికి పనిచేసే మేనేజర్ల మీద. వాటాదారుల సొమ్ముతో వాళ్లు పుణ్యం చేయకూడదన్నాడు. సొంతదారు తన ఆదాయం తగ్గించుకుని మంచి పని చేస్తే అది అతని సొంత డబ్బు, అతని ఇష్టం అని అదే వ్యాసంలో ఒప్పుకున్నాడు. కాబట్టి గుంట యజమానికో, మెస్సు యజమానికో ఫ్రీడ్‌మన్ అడ్డు చెప్పలేదు.

ఈ వాదంలో బలం మరో చోట ఉంది. తీరంలో లాభం ఏడాదికేడాది నిలిచే వస్తువు కాదు. 1990ల మొదట్లో టైగరు రొయ్యతో వచ్చిన సిరి 1994-95లో తెల్లమచ్చ వ్యాధితో తుడిచిపెట్టుకుపోయింది. 2004 డిసెంబరు 26న సునామీ పడవలనూ వలలనూ ఊడ్చేసింది. 2009లో అనుమతి వచ్చిన వనామీ రొయ్య మళ్లీ సాగును నిలబెట్టింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచడంతో ఆ సాగుకూ దెబ్బ తగిలింది. అప్పటికి మన రొయ్యకు అమెరికాయే అన్నిటికన్నా పెద్ద మార్కెట్టు. ఇలాంటి చోట అప్పుల్లో కూరుకుపోయిన యజమాని మొదట కోత పెట్టేది కూలీలోనే, ఆ తర్వాత నాణ్యతలో. మిగులు లేకపోతే మంచితనానికి ఊపిరాడదు. లాభాన్ని చిన్నచూపు చూసే ఉపన్యాసాలు చిన్న వ్యాపారికి పనికిరావు.

అయినా ఈ వాదం సగం దూరమే నడిపిస్తుంది. చట్టానికీ, సమాజంలో పాతుకుపోయిన నీతికీ లోబడి లాభం సంపాదించాలన్నది ఫ్రీడ్‌మన్ పెట్టిన షరతు. చట్టం హద్దులకు కిందనున్న వ్యాపారికి మిగిలేది రెండో భాగమే. ఆ నీతి ఏమిటో అతడే వెతుక్కోవాలి.

సంపాదించి ఇవ్వడం

మన ఊళ్లలో అందరికీ ముందుగా తట్టే జవాబు దానం. గుడికి మండపం, బడికి గది, వేసవిలో చలివేంద్రం. నెల్లూరు తీరంలో దీనికి గొప్ప సాక్ష్యం ఇందుకూరుపేట మండలం పల్లెపాడులో పెన్న ఒడ్డున ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం అది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దానికి నడుం కట్టారు. పొణకా కనకమ్మ అండగా నిలిచి భూమి సమకూర్చారు. భవనానికి 10,000 రూపాయలు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో వ్యాపారం చేసే పార్సీ రుస్తుంజీ ఇచ్చాడు.

ఈ రుస్తుంజీ గురించి గాంధీజీ ఆత్మకథలో ఒక సంఘటన ఉంది. రుస్తుంజీ చాలాకాలం కస్టమ్స్ సుంకం ఎగవేస్తూ సరుకు తెప్పించుకున్నాడు. గుట్టు బయటపడి జైలు తప్పదన్న పరిస్థితి వచ్చినప్పుడు గాంధీజీ దగ్గరికి పరుగెత్తాడు. తప్పంతా అధికారుల ముందు ఒప్పుకోమని గాంధీజీ సలహా. రుస్తుంజీ ఒప్పుకుని, ఎగవేసినట్టు తాను చెప్పిన మొత్తానికి రెండింతలు కట్టి బయటపడ్డాడు. అంతటితో మరిచిపోలేదు. జరిగినదంతా కాగితం మీద రాయించి, పటం కట్టించి, తన వారసులకూ తోటి వర్తకులకూ గుర్తుండేలా ఆఫీసు గోడకు తగిలించాడు. పల్లెపాడు భవనం ఎంత విలువైనదో ఆ గోడ మీది పటం కూడా అంత విలువైనది. ఇచ్చిన చెయ్యి ముందు తన సంపాదనను కడుక్కుంది.

దానానికి నెల్లూరు నేర్పిన మరో పాఠం రొట్టెల పండుగ. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు లక్షలాది మంది వస్తారు. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె లాగే వ్యాపార రొట్టె కూడా ఉంది. వ్యాపారం బాగుండాలని కోరుకునేవారు చెరువులో నిలబడి ఆ రొట్టె అందుకుంటారు. కోరిక తీరినవారు మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరి చేతిలో పెడతారు. ఇచ్చేవాడు ఒకనాడు అదే నీళ్లలో చెయ్యి చాచినవాడే. ఆ పద్ధతిలో దాతనన్న గర్వానికి చోటుండదు. కొత్తగా అంగడి పెట్టుకునే కుర్రాడికి సరుకు ఎక్కడ కొనాలో చెప్పడం, మొదటి నెల అద్దెకు చేబదులు ఇవ్వడం ఈ కోవలోకే వస్తాయి. చిన్న వ్యాపారికి మండపం కట్టించడం కన్నా ఇది అందుబాటులో ఉండే పని.

దానానికి ఒక పరిమితి ఉంది. పక్క ఊరి బావిని ఉప్పు చేసిన సంపాదనతో అదే ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు కట్టిస్తే దాన్ని సేవ అనలేం. అది ఆలస్యంగా తీర్చిన బాకీ మాత్రమే.

వ్యాపారమే ఆ పని అయినప్పుడు

కొందరు లాభం తర్వాత లక్ష్యాన్ని వెతుక్కోలేదు. లక్ష్యం కోసమే వ్యాపారాన్ని నడిపారు. తెలుగువారిలో దీనికి తలమానికం కాశీనాథుని నాగేశ్వరరావు. 1893లో ముంబయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పి మందు అమ్మిన డబ్బు 1908లో ఆంధ్రపత్రికగా, 1924లో భారతి మాసపత్రికగా, 1926లో ఆంధ్ర గ్రంథమాలగా మారింది. ఈ మూడింటికీ ఆ చిన్న సీసానే ఆధారం.

నెల్లూరులో నెల్లూరు వెంకట్రామానాయుడు స్థాపించిన జమీన్ రైతు వారపత్రికదీ ఆ తోవే. 1930లలో వెంకటగిరి జమీందారీ రైతుల గోడును లోకానికి చెప్పింది. అమ్మకాలు, ప్రకటనల మీద బతికే చిన్న పత్రిక ఒక జిల్లా రైతాంగానికి గొంతయింది. తీరానికి దగ్గరి అలగానిపాడులో 1913 మే 1న పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య రాజకీయాల్లో పెద్దవాడు కాకముందు సొంత ఊళ్లో కూలీల కోసం సరసమైన ధరలకు సరుకులమ్మే దుకాణం నడిపారు. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాలను పేదవాడు తట్టుకోగలిగే ఖర్చులో వైద్యం దొరికే చోటుగా తీర్చిదిద్దారు. పల్లెల్లో వైద్యం చేసేందుకు యువకులకు తర్ఫీదు ఇప్పించారు.

ఈ ఉదాహరణలు మనసును కదిలిస్తాయి. అదే సమయంలో కాస్త భయపెడతాయి కూడా. నాగేశ్వరరావు, సుందరయ్య లాంటివారు అరుదు. టైరు పంచరు వేసే అంగడి యజమానిని పత్రిక పెట్టమంటే ఏం చేస్తాడు? ఒక మనిషి పట్టుదల మీద నిలిచిన సంస్థకు ఆ మనిషి తర్వాత ఏమవుతుందన్న దిగులు ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఈ మార్గాన్ని అందరికీ కొలబద్ద చేయకూడదు. దీన్నుంచి తీసుకోవలసింది ఒకటుంది. వీరంతా తమ చుట్టూ ఉన్నవారికి ఏది కొరవగా ఉందో చూసి వ్యాపారాన్ని అటు తిప్పారు.

నలుగురూ కలిసి

ఒక్కడి వల్ల కానిది కలిస్తే అవుతుందన్నది సహకార పక్షం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి మహిళలు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లా అంతా పాకి సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారి తీసింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి ఉద్యమం ఈ జిల్లాలోనే ఊపందుకుంది. ఇవాళ తీరం ఊళ్లలో ఎండుచేపలు అమ్మే, ఇడ్లీ బండి నడిపే, కుట్టుమిషను పెట్టుకున్న ఎందరో మహిళల పెట్టుబడికి మూలం పొదుపు సంఘమే. అక్కడ అప్పు తీసుకున్నామె కట్టకపోతే పక్కింటామె నష్టపోతుంది. లాభం చూసుకుంటూనే పక్కవారిని తలుచుకోక తప్పని ఏర్పాటు అది.

తెలంగాణలో 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం ఇదే దారిలో దశాబ్దాలుగా రైతుకు అప్పు, ఎరువు, అమ్మకం ఒకే గొడుగు కింద అందిస్తోంది. ఆక్వాలో 2007లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా ఆధ్వర్యాన ఏర్పడిన నాక్సా సంస్థ చిన్న రైతులను సొసైటీలుగా కూడగట్టింది. ఒకేసారి సీడ్ వదలడం, వ్యాధి వస్తే దాచకుండా చెప్పుకోవడం, నిషేధించిన యాంటీబయాటిక్స్ జోలికి పోకపోవడం ఆ సొసైటీల కట్టుబాట్లు.

సంఘాలకూ చీడ పడుతుంది. పెత్తనం కొద్దిమంది చేతిలో చేరితే సహకారం పేరుకే మిగులుతుంది. సమావేశంలో మాట ఇచ్చినవాడు చీకటి పడ్డాక గుంట దగ్గర ఆ మాట నిలబెట్టుకోవాలి. చివరకు అన్ని జవాబులూ ఒక మనిషి దగ్గరికే వచ్చి చేరతాయి.

గుంట గట్టు మీద

ఆ మనిషి ముందున్న పరిస్థితిని కాస్త దగ్గరగా చూద్దాం. సీడ్ వదిలి యాభై రోజులైంది. తెల్లవారి చెక్ ట్రే పైకి లాగితే మేత అలాగే ఉంది. రొయ్యలు గట్టు వెంబడి నీరసంగా తిరుగుతున్నాయి. ఒకదాన్ని పట్టి తల పెంకు వలిచి వెలుతురుకు పెడితే తెల్లటి చుక్కలు. మేత డీలరు దగ్గర అరువు ఉంది, లీజు డబ్బు బాకీ ఉంది. ఇప్పుడు రెండు దారులు. దొరికినన్ని రొయ్యలు పట్టి, తూము ఎత్తి నీళ్లన్నీ వాగులోకి వదిలేయవచ్చు. అదే వాగు నుంచి కింది గుంటవాళ్లు మోటారు పెట్టి నీళ్లు తోడుకుంటారు. వారం తిరిగేసరికి వాళ్ల గుంటలోనూ చుక్కలు. రెండో దారిలో తూము బిగించి, బ్లీచింగ్ కొట్టి, నీళ్లను కొన్ని రోజులు నిలవబెట్టాలి. పీతలు వ్యాధిని పక్క గుంటకు మోయకుండా గట్టు చుట్టూ వల కట్టాలి. కింది గుంటవాళ్లకు ఫోను చేసి, అన్నా, నా గుంటకు మచ్చ వచ్చింది, నీళ్లు పెట్టుకోబాకండి అని చెప్పాలి. బ్లీచింగ్‌కు ఖర్చు. ఫోను చేస్తే పరువు, ఒక్కోసారి డీలరు అరువు కూడా పోతుంది. నాలుగెకరాల ఆసామిని ఈ రెండో దారిలో నడిపించే అధికారి ఆ గట్టు మీద ఎవరూ ఉండరు.

1990లలో మొదటి దారి అలవాటైపోయింది. పంట పొలాలు, తాగునీటి బావులు ఉప్పుబారాయి. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెబుతూ తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించమంది. నష్టపరచినవారే నష్టం భరించాలన్న సూత్రాన్ని వర్తింపజేసింది. ఆ సాగు తెచ్చే ఆదాయం కన్నా చేసే నష్టమే ఎక్కువన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ నివేదిక ఆ తీర్పుకు ఒక ఆధారం. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, రిజిస్ట్రేషన్‌తో సాగును మళ్లీ దారిలో పెట్టింది. ఇంత జరగడానికి కారణం ఒక పెద్ద దుర్మార్గుడు కాదు. నా ఒక్క గుంటతో ఏమవుతుందిలే అనుకున్న వేలమంది.

ఇదే ప్రశ్న ఏరియేటర్ల కరెంటు వైరు దగ్గరా వస్తుంది. నీళ్లలో దిగి పనిచేసే కుర్రాడికి షాకు తగలకుండా ఎర్తింగు, ట్రిప్పయ్యే బ్రేకరు పెట్టించడానికి అయ్యే ఖర్చు పంట ఖర్చు ముందు లెక్కలోకి రాదు. ధాన్యం కాటా దగ్గరా వస్తుంది. నెల్లూరులో ధాన్యం లెక్క పుట్టిలో, అంటే 850 కిలోల్లో. తేమ ఉందంటూ తీసే తరుగు పుట్టికి కొన్ని కిలోలైనా సీజనంతా కలిస్తే రైతు కుటుంబానికి ఒక నెల తిండి. తేమ మీటరు రైతు వైపు తిప్పి, ఎంత చూపిస్తే అంతే తీసే వ్యాపారి ఏ చట్టమూ అడగని పని చేస్తున్నాడు.

తూకం వేసి చూస్తే

లాభం ఉండాలన్న వాదం నిజం. అది పునాది. దానం మంచిదే, అయితే సంపాదన శుభ్రంగా ఉన్నాకనే దానికి విలువ. వ్యాపారాన్నే సేవగా మార్చిన మహానుభావులు దారి చూపుతారు, అందరూ వాళ్లలా కాలేరు. సంఘం బలాన్నిస్తుంది, మనస్సాక్షిని మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. నాకు తెలిసినంతలో చిన్న వ్యాపారికి లక్ష్యం దొరికే చోటు తన ఖాతా పుస్తకంలో కనపడని పద్దు దగ్గర ఉంది. తన వ్యాపారం వల్ల ఖర్చు మోస్తూ ఆ పుస్తకంలో పేరు లేని వాళ్లు ఎవరు? కింది గుంట రైతు, వైరు పక్కన నిలబడ్డ కుర్రాడు, తరుగు పోయిన ఆసామి, వంటింట్లో పదేళ్లుగా పనిచేస్తూ రేపటికి ఏమీ దాచుకోలేని వంటమనిషి. చట్టం వీళ్లను లెక్కలోకి తీసుకోని చోట యజమాని తీసుకోగలడు. పెద్ద కంపెనీకి వీళ్లు అంకెలు. చిన్న వ్యాపారికి వీళ్ల పేర్లు తెలుసు, ఇళ్లు తెలుసు. లక్ష్యం విషయంలో చిన్నతనం లోటు కాదు, అదే పెద్ద బలం.

ఇందుకోసం ట్రస్టు పెట్టక్కర్లేదు, శిలాఫలకం వేయించక్కర్లేదు. ఈ రాత్రి గల్లా లెక్క అయ్యాక ఒక తెల్ల కాగితం మీద ఆ పేర్లు రాస్తే చాలు. మొదటి పేరుకు చేయవలసింది ఎంతో లెక్కగట్టి, అద్దె లాగా, కరెంటు బిల్లు లాగా దాన్ని నెలవారీ ఖర్చుల్లో చేర్చుకోవాలి. ఆ ఖర్చు పోగా మిగిలినదాన్ని ధైర్యంగా లాభం అనవచ్చు.